బుడగల సీసాలో పైన్ నూనె

మా డెల్టాలో పైన్ చెట్టు లేదు. కొబ్బరి ఉంది, తాడి ఉంది, సముద్రపు ఒడ్డున సరుగుడు ఉంది. చల్లని కొండల మీద పెరిగే ఆ సూదాకుల చెట్టు మాత్రం ఈ ఒండ్రు నేలలో ఒక్కటీ లేదు. అయినా దాని వాసన ఇక్కడ పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఆసుపత్రి వరండాలో, బస్టాండు మరుగుదొడ్డిలో, పెళ్ళికి ముందు రోజు కడిగిన కల్యాణమండపం నేల మీద వచ్చే ఘాటు అదే. నీళ్ళలో పడగానే పాలలా తెల్లబడే ఫినాయిల్‌లో ముఖ్యమైన సరుకు పైన్ నూనె. ఆ చెట్టును చూడకుండానే దాని వాసనను రోగంతోనూ మురికితోనూ ముడిపెట్టుకున్న ప్రాంతం మాది. ఆ చెట్టు ఊపిరినిస్తుందని మా ఇంట్లో ఒకరు నమ్మే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

నేను రసాయన శాస్త్రం చదువుకుని, భీమవరంలో రొయ్యల చెరువుల నీటినీ మేతనూ పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. రైతులు మంచినీళ్ళ సీసాలో చెరువు నీళ్ళు పట్టుకొచ్చి, మూత మీద చెరువు గుర్తు రాసి, బల్ల మీద వరుసగా కూర్చుంటారు. ప్రతి రైతు దగ్గరా ఏదో ఒక మందు గురించిన గొప్ప ఉంటుంది. ఫలానా పొడి చల్లితే పెంకు గట్టిపడిందనీ, ఫలానా ద్రావకం పోస్తే తెల్లపేడ రోగం ఆగిపోయిందనీ చెబుతారు. విన్న ప్రతిసారీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను. "వెయ్యని చెరువు ఏమైందండీ?" మందు వేసిన చెరువు బాగుపడితే సరిపోదు. అదే నీరు, అదే రొయ్యపిల్ల, అదే మేత ఉండి మందు వెయ్యని చెరువు బాగుపడకపోతేనే మందుకు ఆ పేరు దక్కుతుంది. రైతులు నవ్వుతారు. "రెండో చెరువు ఎవరు చంపుకుంటారండీ?" అంటారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ ప్రశ్న లేకపోతే నా చదువుకు అర్థం లేదు.

అలా నవ్వేవాళ్ళలో మా బావగారు మొదటివారు. అక్క భర్త. భీమవరానికి కొంత దూరంలో, ఇంటి పెరటి గోడ దాటగానే చెరువు గట్టు మొదలయ్యే ఊళ్ళో ఉంటారు. నన్ను పేరు పెట్టి పిలవరు. "సైంటిస్టు గారొచ్చారు, కుర్చీ వెయ్యండి. కుర్చీకి నాలుగు కాళ్ళున్నాయో లేదో చూసుకుని గానీ కూర్చోరు" అనేవారు. మరదలిని ఆటపట్టించడం ఆయన హక్కు, తిరిగి అనడం నా హక్కు. "మూడు కాళ్ళున్న కుర్చీని నాలుగని చెప్పి అమ్మినవాడు మీ స్నేహితుడే కదండీ బావగారూ" అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా కూర్చుని అక్క నవ్వేది.

ఆ నవ్వు దగ్గుగా మారడం మొదట నేనే గమనించాను. పొడి దగ్గు. చలికాలం పోయినా అది పోలేదు. పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అక్క గుమ్మం పట్టుకుని నిలబడేది. రాజమండ్రిలో పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన స్కాన్‌ను వెలుగుకు పట్టి చూశారు. తర్వాత మాకు అర్థమయ్యే భాషలో చెప్పారు. "ఊపిరితిత్తి స్పాంజిలా మెత్తగా ఉండాలమ్మా. ఈవిడది ఎండిన బీరపీచులా గట్టిపడిపోతోంది. ఎందుకంటే చెప్పలేను, చాలామందిలో కారణం దొరకదు. పోయిన భాగం తిరిగి రాదు. ఉన్న భాగాన్ని కాపాడుకోవాలి. ఇంతే మన చేతిలో ఉన్నది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి పనీ అదే అయింది, ఉన్న భాగాన్ని కాపాడుకోవడం.

తిరుగు ప్రయాణంలో కారు నడుపుతూ బావగారు అన్నారు. "అంటే డీఓ పడిపోయిందన్నమాట." నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను రొయ్యల రైతులు డీఓ అంటారు. నీటిని చిమ్మి గాలి కలిపే ఏరియేటరు ఆగి అది పడిపోయిన తెల్లవారుజామున చెరువులోని రొయ్యలన్నీ ఊపిరాడక పైకి తేలతాయి. ఆ దృశ్యం ఒకసారి చూసినవాడు మరచిపోడు. అందుకే ఆక్సిజన్ అంటే ఏమిటో మిగతా రోగుల ఇళ్ళలో విడమరిచి చెప్పవలసి వస్తుందేమో గానీ, ఆయనకు చెప్పనక్కరలేదు. వేలికి తగిలించే చిన్న మీటరు కొన్నారు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించారు. కరెంటు పోతే ఆగకుండా చెరువు జనరేటరు నుంచి మంచం దాకా ప్రత్యేకంగా వైరు లాగించారు.

ఆ మిషనుకు ముందు భాగంలో ఒక చిన్న నీళ్ళ సీసా ఉంటుంది. మిషను నుంచి వచ్చే గాలి ఆ నీళ్ళలో బుడగలుగా లేచి, తడి పట్టుకుని, గొట్టం గుండా ముక్కులోకి వెళుతుంది. పొడిగాలికి ముక్కు పగలకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. బావగారు వంగి ఆ బుడగలను చూసి తృప్తిగా తలాడించారు.

"చూశావా అమ్మాయ్, చిన్న ఏరియేటరు. మీ అక్క ఇప్పుడు నా కొత్త చెరువు."

"చెరువైతే మేత పెట్టండి మరి" అంది అక్క గొట్టం సర్దుకుంటూ. "పొద్దున్నించీ టీ చుక్క దిక్కులేదు."

ముగ్గురం నవ్వాం. కొత్త చెరువు అన్న ఆ మాట తర్వాత నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

నూనె వచ్చింది ఎండాకాలం చివర్లో. చెరువు మందుల డీలరు రైతులకు ఫంక్షన్ హాల్లో ఒక సమావేశం పెట్టాడు. మధ్యాహ్నం బిర్యానీ, దానికి ముందు ఉపన్యాసాలు. రొయ్యల మేతలో కలిపే సుగంధ తైలాల గురించి ఒకాయన మాట్లాడి, చివర్లో మనుషులు వాడే తైలాలు కూడా బల్ల మీద పరిచాడట. బావగారు గోధుమరంగు గాజుసీసా ఒకటి తెచ్చారు. చుక్కలుగా పడే మూత, చీటీ మీద మంచు కప్పిన పైన్ చెట్ల బొమ్మ.

"చూడు, చదువు, తప్పులు పట్టు" అని నా ముందు పెట్టారు. "కానీ ఒకటి విను. పోయిన పంటకి మేతలో తైలం కలిపాను. పేగు నిండా మేత, నల్లగా, గీత గీసినట్టు ఉంది రొయ్యకి. నా కళ్ళతో చూశాను."

"కలపని చెరువు ఏమైందండీ?"

"అన్నిటికీ కలిపాను."

"అయితే ఏం చూశారు?"

"ఇదిగో, ఇదే" అన్నారు అక్క వైపు తిరిగి. "మీ చెల్లెలికి బంగారం చూపిస్తే గీటురాయి చూపించు ముందు అంటుంది."

సీసాతో పాటు వచ్చిన కరపత్రాన్ని నేను అక్షరం వదలకుండా చదివాను. శ్వాసనాళాలు తెరుస్తుంది. కఫం కరిగిస్తుంది. క్రిములను చంపుతుంది. కండరాల నొప్పి తీస్తుంది. ఆందోళన తగ్గించి నిద్ర పట్టిస్తుంది. రోగనిరోధక శక్తిని పెంచుతుంది. ఒక చెట్టు ఆకులోని నూనెకు ఇన్ని పనులు అప్పజెప్పినవాడికి ఏ పనీ ఖచ్చితంగా తెలియదని నా అనుమానం.

అయినా ఒక్కొక్క మాటనూ విడిగా చూడడం నా పద్ధతి. క్రిముల సంగతి నిజమే, ల్యాబులోని గాజు పళ్ళెంలో. పళ్ళెంలో క్రిమిని మరిగే నీళ్ళూ చంపుతాయి, ఉప్పూ చంపుతుంది. మనిషి ఊపిరితిత్తి పళ్ళెం కాదు. నొప్పి సంగతిలో నూనె కంటే మర్దన చేసే చేతికి ఎక్కువ వాటా ఉండవచ్చు. శ్వాస తెరవడం అనేది చాలామంది పడే పొరపాటు. మెంథాల్ వంటి ఘాటైన పదార్థాలు ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నాడులను తాకుతాయి. అప్పుడు గాలి ధారాళంగా వస్తున్నట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే గాలి పెరగదు. పైన్ కూడా అంతకంటే ఎక్కువ చేస్తుందనడానికి నాకు ఆధారం కనబడలేదు. పైగా ఆ ఘాటు కొందరిలో శ్వాసనాళాలను బిగించగలదు కూడా. ఇక బీరపీచును మళ్ళీ స్పాంజిగా మార్చే వాసన లోకంలో ఏదీ లేదు. ఆందోళన, నిద్ర అన్న చోట మాత్రం నేను కలం ఆపాను. అక్కడ కాదనడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు.

నూనె స్వచ్ఛత చూడడం సులువు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి వదిలేశాను. అసలైన సుగంధ తైలం ఆవిరైపోయి కాగితం దాదాపు శుభ్రంగా మిగలాలి. మరునాడు కూడా కాగితం మీద గారె తీసిన చోట మిగిలే జిడ్డు మరక లాంటిది ఉంది. అంటే ఎగిరిపోని మామూలు నూనె ఏదో అందులో బాగా కలిసి ఉంది.

"కల్తీ అండీ" అన్నాను.

"మంచిదే" అన్నారు బావగారు. "ఘాటు తగ్గుతుంది మీ అక్కకి."

ఆయనను ఏ సాక్ష్యంతో ఓడించాలో తెలిసేది కాదు. నియమాలు మాత్రం స్పష్టంగా చెప్పాను. ఒంటికి రాయకూడదు. ముక్కులో వెయ్యకూడదు. ఆవిరి పట్టకూడదు. దూది మీద ఒక చుక్క వేసి, మంచానికి దూరంగా కిటికీ దగ్గర పెట్టవచ్చు. దగ్గు వస్తే వెంటనే తీసెయ్యాలి. మిషను చుట్టుపక్కల నూనె చుక్క ఉండకూడదు. ఆక్సిజన్ దగ్గర నూనె అంటే నిప్పుతో ఆట. ఆయన శ్రద్ధగా విని తలాడించారు. ఆయన వినలేదని నేను ఎప్పుడూ అనను. విన్నారు, మిగిలిన వేసవి అంతా అలాగే చేశారు.

ఒక ఆదివారం నేను అక్క వేలికి మీటరు తగిలించి, దూది ఉన్నప్పుడూ లేనప్పుడూ అంకె మారుతుందేమో చూశాను. మారలేదు. సరైన పరీక్ష కాదని నాకు తెలుసు. వాసన ఉందో లేదో రోగికి తెలియకుండా దాచలేం; దాచలేని మందుకు నిక్కచ్చి పరీక్ష కష్టం. అయినా అక్కతో అన్నాను.

"అంకె మారలేదే."

"అంకెతో నాకేంటే? నా భుజాలు చూడు."

చూశాను. ఊపిరి కోసం ఎప్పుడూ చెవుల దాకా లేచి ఉండే భుజాలు దిగి ఉన్నాయి. మెడ నరాలు సడలాయి. అది దూది వల్లో, ఆదివారం చెల్లెలు పక్కన కూర్చున్నందువల్లో చెప్పలేను.

"ఫినాయిల్ వాసనలా లేదూ నీకు?" అని అడిగాను.

"ఉంది. కడిగిన ఇల్లులా ఉంది. నేను లేచి కడిగానేమో అనిపిస్తుంది."

ఇల్లు కడగలేకపోవడం ఆమెను ఎంత బాధపెడుతోందో నాకు అప్పుడే తెలిసింది.

కరపత్రంలో ఇంకొక వాక్యం ఉంది. పైన్ వనాల్లో నడిస్తే ఊపిరితిత్తులు బలపడతాయని. బావగారు దాన్ని వదలలేదు. వానలు మొదలుకాక ముందు ఒక సాయంత్రం చిన్న ఆక్సిజన్ సిలిండరు కారులో పెట్టుకుని పేరుపాలెం సముద్రానికి బయల్దేరదీశారు. ఒడ్డున వరుసగా సరుగుడు తోటలు. కారు ఆపి, కుర్చీ వేసి, అక్కను చెట్ల నీడలో కూర్చోబెట్టి, "పీల్చు. ఇవన్నీ పైన్ చెట్లే" అన్నారు.

"సరుగుడండీ" అన్నాను.

"ఆకు చూడు, సూదులు. కాయ చూడు, చీటీ మీద బొమ్మలో కాయ ఇదే."

అది మా తీరంలో అందరూ చేసే పొరపాటు. సరుగుడు సూదాకుల జాతి కాదు. పూలు పూసే చెట్టు. మనం ఆకు అనుకునేది నిజానికి సన్నని కొమ్మ. చిన్నప్పుడు మేమంతా ఆ పుల్లను కణుపు దగ్గర విడదీసి, మళ్ళీ అతికించి, ఎక్కడ విరిగిందో చెప్పమని పందెం వేసేవాళ్ళం. నేను ఒక పుల్ల తీసి కణుపు విడదీసి చూపించాను. "పైన్ ఆకు ఇలా విడిపోదు. దీనికి వాసన కూడా లేదు, చూడండి."

అక్క నా చేతిలోంచి ఆ పుల్ల తీసుకుని, విడదీసిన రెండు ముక్కలనూ మళ్ళీ అతికించి పైకెత్తింది. "ఎక్కడ విరిగిందో చెప్పు."

నేను వేలు పెట్టి చూపించాను. అది తప్పు కణుపు.

"పైన్ కాదని దానికి తెలుసా ఏంటే? ఊరుకో" అంది. "గాలి బాగుంది."

గాలి బాగుంది. అది సముద్రపు గాలి. అక్కడ ఎవరికీ ఆ గాలి పేరుతో పనిలేదు. బావగారు ఇసుకలో కూర్చుని ఆమె పాదాల మీద పడిన సరుగుడు పుల్లలు ఏరిపారేస్తున్నారు. మేం ముగ్గురం బయటికి వెళ్ళడం అదే చివరిసారి.

వానాకాలం చెరువులకు చెడ్డకాలం. మబ్బు పట్టి ఎండ లేకపోతే నీటిలో ఆక్సిజన్ పుట్టదు. ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. అక్కకూ ఆ నెలలు అలాగే నడిచాయి. స్నానానికి లేస్తే అంకె పడిపోయేది, మాట్లాడితే పడిపోయేది, చివరికి అన్నం నమలడానికి కూడా ఊపిరి చాలేది కాదు. ముద్దకూ ముద్దకూ మధ్య కళ్ళు మూసుకుని ఆగేది. రాజమండ్రి వెళ్ళివచ్చాం. డాక్టరు మందు మోతాదు మార్చి, బయటికొచ్చాక బావగారి భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో వాళ్ళందరూ దగ్గరగా ఉండండి అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలిసింది. బావగారు దాన్ని ఎలా విన్నారో నాకు తెలియదు.

ఆ తర్వాత ఒక ఉదయం పనికి వెళుతూ వాళ్ళింట్లో ఆగాను. గుమ్మంలోనే వాసన ఎక్కువగా అనిపించింది. కిటికీ దగ్గర దూది లేదు. అక్క కూర్చునే నిద్రపోతోంది, దిండు మీదికి వాలి. నుదుటి మీద ముద్దు పెట్టుకోబోయి వంగేసరికి వాసన ఆమె ముక్కు దగ్గరి గొట్టంలోంచే వస్తోంది.

మిషను వైపు చూశాను. బుడగల సీసాలో నీరు పలచని బియ్యం కడుగులా మసకబారి ఉంది. పైన పసుపుపచ్చని జిడ్డు పొర. ఒక్కో బుడగా ఆ పొరను చీల్చుకుని పగులుతోంది. సీసా ప్లాస్టిక్ లోపలి వైపు సన్నని పగుళ్ళు సాలెగూడులా పాకి ఉన్నాయి. ఈ జాతి నూనెలు కొన్ని ప్లాస్టిక్కులను తింటాయి. పాఠంగా చదివిన సంగతి కళ్ళ ముందు, అక్క ఊపిరి దారిలో ఉంది.

మిషను ఆపి, సిలిండరు పెట్టి, గొట్టాన్నీ సీసానీ తీసేసి కొత్తవి అమర్చాను. చేతులు చేసుకుపోయాయి. సీసాలోని నీటిని మాత్రం పారబోయలేదు. కారులో ఎప్పుడూ ఉండే గాజు శాంపిల్ సీసాలోకి వంపి మూత పెట్టాను. అది అలవాటు.

బావగారు పెరటి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. గట్టు మీదనుంచి అప్పుడే వచ్చారు, లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"ఎప్పటినుంచి అండీ?"

"కొద్ది రోజులే."

"మిషను దగ్గర నూనె వద్దన్నాను కదా."

"నిప్పంటుకుంటుందన్నావు. నిప్పు లేకుండా చూశాను. పొయ్యి కూడా పెరట్లోకి మార్పించాను." ఆయన గొంతులో దబాయింపు లేదు, పంట సంగతి చెప్పినట్టు చెబుతున్నారు. "దూది కిటికీ దగ్గర పెడితే ఏం లాభం అమ్మాయ్? మందు గట్టున పోస్తే చెరువంతా పాకుతుందా? ఏరియేటరు ముందు పొయ్యాలి. అది కొట్టి అన్ని మూలలకీ చేరుస్తుంది. మూల మూలకీ చేరాలి కదా."

డెల్టాలో ఏ రొయ్యల రైతును అడిగినా అదే చెబుతాడు, అది చెరువు విషయంలో సత్యం కూడా. పొడి అయినా ద్రావకం అయినా తిరిగే ఏరియేటరు ముందే పోస్తారు. చక్రం నీటిని చిమ్మి మందును అంచుల దాకా తీసుకుపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా తనకు అన్నం పెట్టిన జ్ఞానాన్నే ఆయన తన భార్య మంచం దగ్గరికి తెచ్చారు. తడి గాలితో పాటు ఎగిరే నూనె తుంపర, అందులోనూ ఎగిరిపోని జిడ్డు కలిసిన తుంపర, ఊపిరితిత్తిలోకి చేరితే అక్కడి నుంచి బయటపడే దారి ఉండదనీ, కొందరిలో అది మంట పుట్టించి నిమ్ముగా మారుతుందనీ నేను వివరించాను. ఆయన గోడకు ఆనుకుని విన్నారు.

అక్కకు మెలకువ వచ్చింది. గొట్టం కొత్తదని గమనించి, వాసన లేదని గమనించి, మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"తిట్టకే" అంది. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ. "నాకు తెలుసు. నేనే సరే అన్నాను."

"ఎందుకక్కా?"

"ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేరే. ఎప్పుడైనా కూర్చున్నారా?"

ఆ మధ్యాహ్నమే రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పాను, సీసా చూపించాను. కొత్త స్కాన్‌లో రెండు వైపులా తెల్లని మబ్బు కమ్మి ఉంది. ఇలాంటి మబ్బు ఈ జబ్బు దానంతట అదే ముదిరినా వస్తుందనీ, ఇన్ఫెక్షన్‌లోనూ వస్తుందనీ, నూనె వల్ల కూడా రావచ్చనీ, ఒకదానినుంచి ఒకటి విడదీసి చూసేందుకు చెయ్యవలసిన పరీక్షను ఆమె ఊపిరి ఇప్పుడు తట్టుకోలేదనీ ఆయన చెప్పారు. ఆసుపత్రి వరండా కడుగుతున్నారు. వాసన లోపలి దాకా వచ్చింది. మాస్కు కింద అక్క కళ్ళు తెరిచి నా వైపు చూసి, చెయ్యి కొద్దిగా ఎత్తి, నేల తుడుస్తున్నట్టు వేళ్ళు కదిపింది. ఏదో చమత్కారం చెయ్యబోయిందని నా నమ్మకం; రుజువు లేదు. ఆమె నాకు ఇచ్చిన చివరి మాట అదే, మాట కాకపోయినా.

గోదావరి గట్టు మీద దహనం చేశాం.

కర్మలన్నీ ముగిశాక కూడా బావగారు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. ఆయన అడగవలసింది ఏమిటో నాకు తెలుసు, ఆయన నన్ను ఎందుకు తప్పించుకుంటున్నారో కూడా తెలుసు. మా అమ్మ ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "అడిగితే కాదని చెప్పు. ఆ నూనె వల్ల కాదని. ఒక్క మాటే కదా. బతికున్నవాణ్ణి బతకనియ్యి." ఆమె కోరింది నాకు అన్యాయంగా తోచలేదు. కానీ నేను ఆ మాట అంటే ఆయన నమ్మరు. అబద్ధం చెప్పగలిగిన మనిషిగా ఆయన నన్ను ఎన్నడూ చూడలేదు. అందుకే కదా అన్నేళ్ళు వెక్కిరించారు.

చలి మొదలయ్యాక ఒక ఉదయం ఆయన ల్యాబుకు వచ్చారు. రైతులు కూర్చునే బల్ల మీదే, తన వంతు వచ్చేదాకా కూర్చున్నారు. చేతిలో నీళ్ళ సీసా లేదు. మిగతావాళ్ళంతా వెళ్ళాక లేచి నా బల్ల ఎదుటికి వచ్చారు.

"రొయ్య చస్తే తెస్తాం. కోసి చూసి, ఇందువల్ల చచ్చిందని చెబుతావు నువ్వు. మీ అక్క సంగతి చెప్పు."

"తెలియదండీ బావగారూ."

"తెలియదంటే?"

"జబ్బు ముదిరి వెళ్ళిపోయి ఉండవచ్చు. డాక్టరు ముందే సూచించారు, మీరూ విన్నారు. నూనె తోడయి ఉండవచ్చు. ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు. కోసి చూడలేదు. ఇక చూడలేం."

"కాల్చేశాం" అన్నారు.

"అవునండీ."

ఆయన బల్ల మీది ఖాళీ సీసాలను ఒక్కొక్కటిగా వరుసకు జరిపారు. నేను కరపత్రం మీద ప్రయోగించిన కొలతే ఇప్పుడు నా ముందు నిలబడింది. ఆ నూనె మేలు చేసిందనడానికి ఆధారం లేదని తోసిపుచ్చిన నేను, అది చంపిందనడానికి కూడా అదే ఆధారం అడగాలి. ప్రమాదం ఉందని నాకు తెలుసు. ప్రమాదం ఉండడం వేరు, ఈ మనిషి విషయంలో అదే జరిగిందని తేల్చడం వేరు. రెండింటి మధ్య దూరాన్ని ప్రేమతో గానీ కోపంతో గానీ పూడ్చడం నాకు చేతకాదు.

"నువ్వు ఎప్పుడూ అడుగుతావే" అన్నారు చివరికి, "వెయ్యని చెరువు ఏమైందని. మేమంతా నవ్వేవాళ్ళం. మరి వెయ్యని చెరువేదీ అమ్మాయ్?"

"లేదండీ" అన్నాను.

"అయితే అవునని కాదు."

"కాదండీ."

"కాదని కూడా కాదు."

"కాదండీ."

నీటి పరీక్ష ఫలితం విన్నట్టే తలాడించారు. వెనక్కి తిరగబోయి ఆగి, "ఆ రోజు సీసాలో పట్టావు చూడు. ఉందా?" అన్నారు.

శాంపిళ్ళు దాచే చల్లపెట్టె తెరిచి చూపించాను. గాజు సీసా వెనక వరుసలో ఉంది. కదలక నిలబెట్టినందువల్ల మసక విడిపోయి, నీరు తేటగా కిందికి చేరింది. పైన పసుపుపచ్చని పొర వేరుగా తేలి ఉంది.

"పరీక్ష చేశావా?"

"చెయ్యలేదండీ. చేస్తే ఈ నీళ్ళలో ఏముందో చెబుతుంది. మీరు అడిగినది చెప్పదు."

"శాంపిలు ఎన్నాళ్ళు ఉంచుతారు మీరు?"

"రైతు పారబొయ్యమనేదాకా ఉంచుతాను."

ఆయన వేలితో చల్లపెట్టె తలుపు మెల్లగా మూశారు. "ఉంచు" అన్నారు.

ఇప్పుడు ఆయన చెరువులకు మందు పోసేది పనివాళ్ళు. ఏరియేటరు ముందు పోస్తున్నంతసేపూ ఆయన గట్టు మీద అటు తిరిగి నిలబడతారు. ల్యాబుకు వస్తూనే ఉంటారు, తన వంతుకు కూర్చుంటారు, ఏ మందు గురించీ గొప్ప చెప్పరు. నేనూ ఆయనను ఆ ప్రశ్న అడగను. సీసా వెనక వరుసలోనే ఉంది. పారబొయ్యమని ఆయన ఇంతవరకు అనలేదు.